వ్యవసాయపు కూలి – కనీస వేతనము

వేతన సంహిత 2019 ఆగస్టు 8వ తేదీన రాష్ట్రపతి యామోదమును పొంది, ఆరు సంవత్సరములకు పైగా అటకమీద నుండి, తుదకు 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినది. దానితో 1948 నాటి కనీస వేతనముల చట్టము చరిత్రలో చేరిపోయినది. క్రొత్త శాసనము ననుసరించి కేంద్ర ప్రభుత్వము దేశమునకు వేతనపు కనిష్ఠ పరిమితిని నిర్ణయింపవలెను. ఏ రాష్ట్రమును దానికి తక్కువగా కూలి నిర్ణయింపరాదు. ఇదివరకే అంతకు మించి యున్నచోట తగ్గింపరాదు. పాత చట్టమున షెడ్యూలులో పేరెక్కిన పనులవారికి మాత్రమే రక్షణ గలదు. క్రొత్తదానియందు ఆ భేదము తొలగినది. ఈ పరిమితి ఎంత యుండవలె ననుదానిపై కార్మిక సంఘములవారును, వర్తక సంఘములవారును వాదించుకొనుచున్నారు. మాకు వింతగా దోచున దేమనగా, ఈ వాదమునం దంతటను కర్మాగారము వినబడుచున్నదే కాని కమతము వినబడుట లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము అవిభక్త ఆంధ్రప్రదేశమున సేద్యము చేయు రైతులు సుమారు 65 లక్షలు. వ్యవసాయ కూలీలు సుమారు 1 కోటి 70 లక్షలు. తెలుగునాట కనీస వేతనమనిన మొదట వీరి మాట. తక్కినవారి మాట తరువాత. మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. వారికి రుచించినను రుచింపకున్నను, ఈ విషయమును పొలము గట్టుమీద నిలిచియే విచారింప దలచితిమి.

పూర్వ కథ కొంత తెలిసిన గాని నేటి చిక్కు బోధపడదు. 1946 ఏప్రిలులో డాక్టరు అంబేద్కరు గారు వైస్రాయి కార్యవర్గమున కార్మిక సభ్యులుగా నుండి ఈ బిల్లును కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిరి. 1948 లో అది చట్టమైనది. దాని షెడ్యూలునకు రెండు భాగములు. బియ్యపు మిల్లులు, నూనె మిల్లులు, పొగాకు, అభ్రకము, తోళ్లు మొదలగునవి మొదటి భాగము. వ్యవసాయము మాత్రము వేరుగ రెండవ భాగము. మొదటిదానికి రెండేండ్లును, రెండవదానికి మూడేండ్లును గడువిచ్చిరి. ఆ గడువులు తీరలేదు, మాటిమాటికి పొడిగింపబడినవి. అసలు కూలి యెంత నడచుచున్నదో తెలియక నిర్ణయించుట యెట్లని 1950–51 లో దేశమంతట విచారణ జరిపిరి. పురుష కూలీకి దినమునకు సగటున 109 పైసలని తేలినది. 1956–57 లో మఱల విచారింపగా 96 పైసలకు దిగినది. చట్టము పుట్టిన పిమ్మట కూలి పెరుగుటకు మారుగ తగ్గినదన్న మాట. కాగితముమీది అంకెకును కళ్లములోని కొలతకును గల దూరము నాడే బయటపడినది.

కనీస మనగా నెంత? ఈ ప్రశ్నకు సమాధానము లేకపోలేదు. 1957 లో న్యూఢిల్లీయందు కూడిన 15వ భారత కార్మిక మహాసభ ఒక కొలత నేర్పరచినది. ప్రభుత్వమువారు, యజమానులు, కార్మికులు ముగ్గురును కూర్చుండి యంగీకరించిన కొలత యది. సంపాదించు వానితో గూడ కుటుంబమునకు మూడు పాళ్లు: పురుషునకు ఒకటి, భార్యకు 0.8, పిల్ల లిద్దఱికి 0.6 చొప్పున. నడుము వంచి దినమెల్ల నాటు వేయు స్త్రీకి మగవానికన్న ఆకలి తక్కువయని తలచిరి కాబోలు! పాలొక్కటికి దినమునకు 2700 కెలొరీల ఆహారము. ఇది కూనూరు పరిశోధనశాల కధిపతిగా నుండిన డాక్టరు అయిక్రాయిడ్ గారి లెక్క. ఆ శాలయే 1958 లో హైదరాబాదునకు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థగా వర్ధిల్లినది. తలకు 18 గజముల వంతున కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట. తలదాచుకొనుటకు ఇంటి యద్దె. వంటచెఱకు, దీపము, చిల్లర ఖర్చులకు నూటికి 20 పాళ్లు. 1991 లో సుప్రీముకోర్టువారు రెప్టకోస్ బ్రెట్ వ్యాజ్యమున దీనికి మఱి 25 పాళ్లు చేర్చిరి. పిల్లల చదువు, వైద్యము, పండుగ పబ్బములు, వృద్ధాప్యము, వివాహములు – ఇవన్నియు నా యిరువదియైదు పాళ్లలోనే గడువవలెను. ఇందు విలాస మెక్కడ నున్నదో వెదకి చూపుడని మా పాఠకులను కోరుచున్నాము.

ఈ కొలతనే కొంత సవరించి, డాక్టరు అనూప్ శత్పథి గారి యధ్యక్షతను కేంద్ర ప్రభుత్వమువారే నియమించిన నిపుణుల సంఘము 2019 లో నివేదిక సమర్పించినది. వారు కెలొరీలను 2400 కు తగ్గించిరి. కుటుంబపు పాళ్లను 3.6 కు పెంచిరి. మాంసకృత్తులు 50 గ్రాములు, క్రొవ్వు 30 గ్రాములు ఉండవలె ననిరి. 2018 జూలై ధరలతో లెక్కించి, దేశమునకు సగటున దినమునకు 375 రూపాయలు కనీసమని తేల్చిరి. ఇక ప్రభుత్వము ప్రకటించుచు వచ్చిన జాతీయ కనిష్ఠ పరిమితి యెంత? 1996 లో 35 రూపాయలు. 2017 లో 176 రూపాయలు. 2019 లో, అనగా ఆ నిపుణుల నివేదిక చేతికందిన సంవత్సరముననే, దానికి రెండు రూపాయలు చేర్చి 178 చేయుదుమని ప్రకటన వెలువడినది. రెండు రూపాయలు! నిపుణులను నియమించి, లెక్క వేయించి, ఆ లెక్కలో సగము గూడ ఒప్పుకొనకుండుట యేల? ముందే తమకు దోచిన యంకెను వేసికొన్నచో నిపుణుల భత్యమైనను మిగిలెడిది.

375 యను నంకెను 26 దినములతో హెచ్చించి నెలకు 9,750 రూపాయలని పట్టణమువారు చెప్పుకొందురు. ఫ్యాక్టరీ పనివానికి ఆ లెక్క సరిపోవును. మన పల్లెలలో ఏ కూలివానికి నెలకు 26 దినముల వంతున ఏడాది పొడుగున పని దొరకును? తొలకరి మొదలు నాట్లు ముగియువఱకు ఊపిరి సలుపదు. కలుపులు ముగిసిన పిదప కోతలవఱకు చేతులు ముడుచుకొని కూర్చుండవలెను. రెండవ పంటకు నీరు లేని మెట్టసీమలలో సంగతి చెప్పనే యక్కఱలేదు. ఇట్టివానికి దినకూలి యనగా ఆ దినపు కూడు మాత్రమే కాదు, పని లేని దినములకును అదియే ఆధారము. నెలజీతగాని దినభాగమును వీనికి గూడ కొలతగ వేయుట యెద్దునకు గుఱ్ఱపు జీను వేయుట వంటిది.

ఇక మన ఆసాముల ఆక్షేపణలకు వత్తుము. అందు మొదటిది మిక్కిలి బలమైనది. దానిని తేలికగా త్రోసివేయువారు సేద్యము నెఱుగనివారు. "ధాన్యమునకు ధర లేదు, కూలి యెక్కడనుండి తెచ్చి యీయమందురు?" అని రైతు అడుగుచున్నాడు. ఈ మాటలోని సత్యమును కోనసీమ రైతులు 2011 సంవత్సరపు సార్వాలో లోకమునకు జూపిరి. నీరుండియు, భూమి యుండియు, లక్ష యెకరములకు దగ్గరగా నాటు వేయక పంటవిరామము ప్రకటించిరి. గోదావరి డెల్టాలో పొలము బీడు పెట్టుట మన తాతలు కనియు వినియు నెఱుగని వింత. ఆ యేడు సాధారణ రకపు ధాన్యమునకు మద్దతు ధర క్వింటాలునకు 1,080 రూపాయలు. ఆ ధరకు నాటు కూలి, కోత కూలి, ఎరువు, కౌలు ఈడేరవని వారు మొఱపెట్టిరి. ప్రభుత్వము మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా గారి యధ్యక్షతను విచారణ సంఘమును వేసినది. రైతులు చెప్పిన కారణములలో కూలి యొకటి. కాని యది యొక్కటియే కాదు. కాలువల పూడిక, ఆలస్యముగ విడిచిన నీరు, అమ్మకపు చిక్కులు నందుండినవి. ఏండ్లు గడచునకొలది మన సంభాషణలలో తక్కిన కారణములన్నియు జారిపోయి కూలి యొక్కటియే మిగిలినది. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యనగా నిదియే.

మద్దతు ధర నెట్లు కట్టుచున్నారో రైతు సోదరులు శ్రద్ధతో గమనింపవలెను. 2025–26 సంవత్సరమునకు సాధారణ రకపు ధాన్యము క్వింటాలు ధర 2,369 రూపాయలు. ఇది క్వింటాలునకు 1,579 రూపాయల ఖర్చు అగునని యెంచి, దానిపై సగము చేర్చిన యంకె. ఆ ఖర్చులో రైతు చేతినుండి పోయిన సొమ్మును, ఇంటిల్లిపాది శ్రమకు కట్టిన విలువయు మాత్రమే యున్నవి. సొంత భూమికి కౌలును, సొంత పెట్టుబడికి వడ్డీయు నందులేవు. అవి కూడ కలిపి దానిపై సగము చేర్పవలెనని స్వామినాథన్ గారి కమిషను కోరిన సంగతి యెల్లరకు దెలిసినదే. అంతగా దెలియని సంగతి మఱొకటి కలదు. 1990 లో మన తెలుగువారైన సి. హెచ్. హనుమంతరావు గారి యధ్యక్షతను ఏర్పడిన సంఘము, సాగు ఖర్చును కట్టునప్పుడు కూలిని వాస్తవముగ నడచు రేటుననో, చట్టప్రకారపు కనీస రేటుననో, ఏది హెచ్చయిన దానినే పట్టవలెనని సూచించినది. ఈ సూచనలోని మర్మ మేమి? కనీస వేతనమును పెంచినచో ధాన్యపు ధరను గూడ పెంచక తప్పదు. ఒక చేతితో కూలి పెంచుమని యాజ్ఞాపించి, రెండవ చేతితో ధరను నొక్కిపెట్టుటకు ప్రభుత్వమునకు వీలు చిక్కదు. అట్లయినచో, కనీస వేతనము హెచ్చుట రైతునకు శత్రువు కాదు. ధరకొఱకు పోరాడు రైతుచేతిలో నదియొక సాక్ష్యపత్రము. కూలిని తక్కువగ నుంచినంతకాలము ఖర్చు తక్కువయని లెక్క వ్రాయుదురు. ఖర్చు తక్కువయని ధర తగ్గింతురు. ధర లేదని రైతు కూలి నీయడు. ఈ గానుగలో తిరుగుచున్నది ఇద్దఱును.

అయితే మఱొకరున్నారు, వారు గానుగలో తిరుగరు. ఊరిలో భూమి నుంచి బస్తీలో కాపురముండు దొరలు. వారు ఎకరమునకు ఇన్ని బస్తాలని కౌలు మాటాడుకొని, పంట పండినను ఎండినను ఆ బస్తాల ధరను పుచ్చుకొందురు. నాటు కూలి యెంతయో, కోత కూలి యెంతయో వారి చేతినుండి పోదు. అయినను కూలిరేట్లు మండిపోవుచున్నవని పట్టణపు మండువాలలో అందఱికన్న బిగ్గరగా వాపోవువారు వీరే. కూలి పెరిగినప్పుడు కౌలుదారుని లాభము తగ్గును. కౌలు బస్తాలు మాత్రము తగ్గవు. డెల్టాలో సేద్యముయొక్క బరువును మోయువాడు కౌలుదారు. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము క్రింద అతడు హక్కుపత్రము నొందుటకు గూడ భూయజమాని చేవ్రాలు కావలసివచ్చినది. ఆ చేవ్రాలు చేయని పెద్దలు, కూలీలవలన రైతు చెడిపోవుచున్నాడని కన్నీరు కార్చుట మాకు నమ్మశక్యముగ లేదు. కూలి పెరిగిన భారమును పంచుకొనవలసిన మొదటి స్థలము కౌలు. ఈ మాట మా పాఠకులలో కొందఱికి చేదుగ నుండునని యెఱిగియే వ్రాయుచున్నాము.

రెండవ ఆక్షేపణ: ప్రభుత్వపు పనులవలన కూలీలు సోమరులైరి, పిలిచిన రారు, వచ్చినను చేయరు అని. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన అనంతపురము జిల్లా బండ్లపల్లెలోనే ప్రారంభమైనది. నాటినుండి ఈ ఫిర్యాదు వినవచ్చుచునే యున్నది. కేంద్ర ప్రభుత్వము 2009 జనవరి 1న ఆ పథకపు కూలికిని రాష్ట్రముల కనీస వేతనమునకును గల ముడిని త్రెంచి 100 రూపాయల వద్ద నిలుపగా, నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ప్రకటన అమలును ఆపివేసినది. చట్టము చేసిన ప్రభుత్వమే చట్టమునకు తక్కువ కూలి యిచ్చుటకు దారి వెదకినదన్న మాట. 2025–26 లో మన రెండు రాష్ట్రములకు ఆ పథకపు కూలి 307 రూపాయలు. నిపుణులు 2018 ధరలతో కట్టిన 375 కును అది చేరలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టమునకు మారుగ మఱొక చట్టమును చేసినది. అందు పనిదినములను 100 నుండి 125 కు హెచ్చించుచునే, విత్తులు, కోతల కాలమున ఏటికి 60 దినములవఱకు పనులు నిలుపు నేర్పాటు కలదు. ఆసాములు చిరకాలముగ కోరిన కోరిక యిది. కాని కూలివాని బేరమునకు బలముండు దినములు ఏడాదిలో ఆ యఱువదియే. ఆ దినములలోనే వాని రెండవ వాకిలి మూసి, మొదటి వాకిట నిలిచి బేర మాడుమనుట న్యాయమని మాకు దోచుట లేదు.

ఈ సోమరితనపు కథ నిజమో కాదో తెలిసికొనుటకు ఊహలతో పనిలేదు. మన తెలుగునాటనే పరీక్ష జరిగినది. 2010 నుండి అవిభక్త ఆంధ్రప్రదేశమున 8 జిల్లాలలో 157 మండలములను చీట్లువేసినట్లు విభజించి, కొన్నింట ముందును కొన్నింట తరువాతను, ఉపాధి కూలిని వ్రేలిముద్రల కార్డుద్వారా చెల్లించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అను అర్థశాస్త్రజ్ఞులు ఆ మండలములను పోల్చి చూచి, తమ ఫలితములను 2023 లో ఎకనమెట్రికా పత్రికలో ప్రకటించిరి. సక్రమముగ చెల్లింపు జరిగిన మండలములలో పేద కుటుంబముల సంపాదన నూటికి 14 వంతున పెరిగినది. వింతయేమనగా ఆ పెంపులో నూటికి 80 పాళ్లకు మించి ఉపాధి పనులనుండి కాక బయటి పనులనుండి వచ్చినది. అనగా రైతు లిచ్చు కూలియు పెరిగినది. కూలి పెరిగినందున పనులు తగ్గవలె ననుట లోకములోని వాడుక మాట. అచట బయటి పనులు తగ్గకపోగా పెరిగినవి. అందును భూమి కొద్దిమంది చేతులలో చిక్కిన చోట్ల ఈ పెంపు అధికముగ కనబడినది. కారణము కనిపెట్టుట కష్టముకాదు. ఊరిలో పని యిచ్చువారు నలుగురైదుగురు మాత్రమే యైనచో, వారు కట్టిన రేటే రేటగును. ఆ రేటునకు రాని కూలీలు ఇంట నుందురు, లేదా వలస పోవుదురు. రేటు కొంచెము పెరిగినంతనే ఇంట నున్నవారు పనిలోనికి వచ్చిరి. పిలిచిన రారను ఫిర్యాదునకు జవాబు పిలిచిన రేటులోనే యున్నది.

పరదేశములలోను ఇట్టి విచారణలు జరుగకపోలేదు. 1992 లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రము గంట కూలిని 4.25 డాలర్లనుండి 5.05 డాలర్లకు పెంచినప్పుడు, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ గారలు ప్రక్కనున్న పెన్సిల్వేనియాతో పోల్చి, భోజనశాలలలో పనివారి సంఖ్య తగ్గలేదని చూపిరి. కార్డ్ గారికి 2021 లో నోబెలు బహుమాన మిచ్చిరి. అయినను న్యూజెర్సీ భోజనశాల వేఱు, నిడదవోలు వరిపొలము వేఱు. ఎంత పెంచినను పనులు తగ్గవని యెవరైన చెప్పినచో మేము నమ్మము. కోత కూలి యొక మేరను దాటినప్పుడు రైతు కోతయంత్రమును పిలుచును, పిలుచుచునే యున్నాడు. కలుపు తీయు స్త్రీల స్థానమున కలుపుమందు డబ్బా వచ్చినది. కార్మిక సంఘములవారు నెలకు 26,000 రూపాయలు కనీస మనుచున్నారు. పెద్ద కర్మాగారములకు, ప్రభుత్వ కార్యాలయములకు అది చర్చింపదగిన యంకెయే. ఆ యంకెనే మెట్టసీమలో ఐదెకరముల జొన్న రైతునకు వేసినచో ఆచరణలో నది సున్న యగును. ఎవ్వరును ఈయని కనీసముకన్న ఎల్లరును ఈయవలసివచ్చు కనీసము మేలని మా తలంపు. 375 రూపాయలను నేటి ధరలకు సవరించి కనిష్ఠ పరిమితిగ నిర్ణయించుట, అచటినుండి ప్రాంతముల ననుసరించి రాష్ట్రములు హెచ్చించుకొనుట యుక్తమని మే మెంచుచున్నాము.

"వాడు ఒప్పుకొని వచ్చినాడు, నేను మాటాడుకొన్నంత యిచ్చినాను, మధ్య ప్రభుత్వ మెవరు?" అనువారును గలరు. ఈ వాదము 1982 లోనే తీరినది. ఢిల్లీలో ఆసియా క్రీడలకొఱకు కట్టడములు లేపుచుండగా, కనీస కూలి 9 రూపాయల 25 పైసలు కాగా, జమాదారులు రూపాయి చొప్పున కోసికొనుచుండిరి. భగవతి గారు మొదలగు న్యాయమూర్తులు విచారించి, కనీసమునకు తక్కువగ పుచ్చుకొని చేయు పని నిర్బంధ శ్రమయే, అది రాజ్యాంగపు 23వ అధికరణమునకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. ఆకలియు నొక నిర్బంధమే యనుట వారి భావము. వెట్టిచాకిరి యన నేమో తెలంగాణమువారికి మేము చెప్పవలసిన పనిలేదు. 1958 లో సుప్రీముకోర్టు మఱొక వ్యాజ్యమున ఇంకను కఠినముగ పలికినది: పనివారికి కనీస వేతనము నీయలేని పరిశ్రమకు బ్రతుకు హక్కు లేదని. సేద్యమును మూసివేయుట తరముకాదు కనుక ఈ సూత్రమును పొలమునకు అట్లే వర్తింపజేయలేము. అందుచేతనే ధరను గూర్చియు, కౌలును గూర్చియు పైన అంత వ్రాసితిమి.

స్త్రీల కూలిని గూర్చి ఒక మాట. సమాన వేతనపు చట్టము 1976 నాటిది. నేటికిని పల్లెలలో ఆడకూలి, మగకూలి యని రెండు రేట్లు నడచుచున్నవి. "పనులే వేఱు" అందురు. నాట్లును కలుపులును తేలిక పనులని, గట్టు వేయుట బరువు పని యని యెంచుట గట్టు వేయువారి లెక్క. ఇటీవల నాట్లు ఎకరమునకు ఇంతయని గుత్తకు మాటాడుకొనుట హెచ్చినది. ముఠామేస్త్రి చేతికి మొత్తము ముట్టును. మనిషి కెంత పడినదో రైతెఱుగడు, అడుగడు. కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి కుటుంబములకు కుటుంబములు గుంటూరు మిరప తోటలకు వలసపోయి కాయ కోయుచున్నవి. వారికి తూకముమీద కూలి. తల్లికి తోడుగ బడి మానిన పిల్లయు కోసి బుట్ట నింపును. ఆ పిల్ల కోసినది తల్లి తూకములో కలిసిపోవును. గుత్త పనికి ప్రత్యేకముగ రేటు నిర్ణయింపనిచో, దినపు కనీస కూలికి తగ్గకుండ ఈయవలెనని సంహితయే చెప్పుచున్నది. తోటలో ఆ లెక్క కట్టువా రెవరు? పాత తనిఖీ యధికారి పేరును మార్చి సహాయకుడను బిరుదమును గూడ తగిలించినారు. తక్కువ యిచ్చిన యజమానికి 50,000 రూపాయలవఱకు జుల్మానా యని వ్రాసినారు. అధికారియే తోటకు రానిచో జుల్మానా యెంతయైన నేమి?

ప్రైవేటు యజమానులకు నీతి చెప్పు ప్రభుత్వములు తమ యిల్లు చక్కబెట్టుకొన్నవా? అంగన్వాడీ స్త్రీలకు ఇచ్చునది వేతనము కాదట, "గౌరవ వేతన"మట. పేరులో గౌరవము నుంచి రూపాయలలో తగ్గించిరి. ఆంధ్రప్రదేశమున 11,500 రూపాయలు పుచ్చుకొను ఆ కార్యకర్తలు 2023 డిసెంబరు 12 నుండి 42 దినములు సమ్మె చేసిరి. నడుమ అత్యవసర సేవల చట్టమును వారిపై ప్రయోగించిరి. వారి పని అంత యత్యవసరమైనచో దాని వెల అంత చులుకన యెట్లయ్యెనో మాకు దెలియదు. పట్టణములలో దుకాణపు గుమాస్తాలు, రాత్రి కావలివారు, మురుగు తీయువారు మధ్యవర్తి కంట్రాక్టరుల క్రింద పడుచున్న పాట్లు వేఱుగ వ్రాయదగినవి.

ఇపుడు చేయవలసినది: కేంద్రము కనిష్ఠ పరిమితిని పై కొలత ప్రకారము నిర్ణయించి, ధరల సూచిక ననుసరించి ఏటికి రెండుమారులు సవరింపవలెను. ఐదేండ్లకు మించకుండ పునర్విచారింపవలెనని పాత చట్ట మనినను ఆ గడువును దాటవేసిన ప్రభుత్వములు పెక్కు. క్రొత్త సంహితలో "సాధారణముగ" అను మాట యొకటి చేరినది. సాధారణము కాని కారణములు మన ప్రభుత్వములకు ఎన్నడును కొఱవడవు గనుక, రాష్ట్రములు తమ నియమములలో తేదీని వ్రాసికొనుట మంచిది. రాష్ట్ర సలహా సంఘములలో మూడవవంతు స్త్రీలుండవలెనని సంహిత చెప్పుచున్నది. ఆ స్త్రీలలో నాటు వేసి యెఱిగినవారు కొందఱైన నుండవలెను. వ్యవసాయపు రేట్లను తొలకరికి ముందే, మద్దతు ధర ప్రకటనతో బాటు ప్రకటింపవలెను. ఏ రేటున కూలిని లెక్కించి ధర కట్టిరో అదియు నందు కనబడవలెను. గ్రామ సచివాలయపు గోడమీద దినకూలి, ఎకరపు నాటు, మిరప తూకము వీని రేట్లను తెలుగున పెద్ద యక్షరములతో వ్రాయింపవలెను. ఆ గోడ ప్రక్కనే కౌలుదారుల పేర్లు నమోదు చేయు బల్ల వేయింపవలెను. వచ్చు సార్వాకు ముందు ఈ రెండు పనులు జరుగవలె నన్నచో నియమములు వేసవిలోపలనే సిద్ధము కావలెను.